పరంగి పంతులమ్మ

కాకినాడ నుంచి ఓ సోదరి ఉత్తరం రాశారు. ఆవిడ కోడలు ఇంగ్లీషు ఎం.ఏ. ఇథియోపియాలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చిందట. "ఇంగ్లీషు నేర్చుకోవడానికి సీమకు వెళ్ళేవాళ్ళను చూశాం గాని, ఇంగ్లీషు చెప్పడానికి మన పిల్ల ఆఫ్రికా వెళ్ళడమేమిటండీ? మీరు వెళ్ళి ఉండి వచ్చారు గనక అడుగుతున్నాను. పంపమంటారా, మానమంటారా?" అన్నారు.

పంపమనడానికీ మానమనడానికీ నేనెవర్నండీ? చదువుకున్న పిల్ల, ఆ అమ్మాయినే అడగండి. అయితే ఉద్యోగం ఏ ఊళ్ళోనో మాత్రం ముందు కనుక్కోండి. ఆ దేశంలో ఉత్తరాన టిగ్రాయ్‌లో 2020 నవంబరు నుంచి రెండేళ్ళపాటు పెద్ద యుద్ధం జరిగింది. నేనున్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టులో పోట్లాటలు రేగాయి. మన రాయబార కార్యాలయం వారు ఏమంటున్నారో తెలుసుకుని గాని ప్రయాణం కట్టకూడదు. ఇక నేను చెప్పగలిగింది, 2012 సెప్టెంబరులో అక్కడ కాలు పెట్టినప్పుడు నా కంటికి కనిపించిన సంగతులు. మొదటి మూడు నెలల్లో చూసినవి మనసులో నిలిచినట్టు తరువాతవి నిలవవు కాబోలు, ఈనాటికీ అన్నీ అలాగే ఉన్నాయి.

అప్పటికి మా అమ్మాయి పదో తరగతి. మావారు పనిచేసే చోట జీతాలు ఆగిపోయి ఏడాది దాటింది. ఇంటి అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీవారిచ్చేది ఆ వాయిదాకే చాలదు. ఢిల్లీలో ఇంటర్వ్యూ అన్నారు, వెళ్ళాను, ఉద్యోగం ఇచ్చారు. పదో తరగతి పిల్లను వదిలి తల్లి దేశాలు పట్టిపోవడమా అని చుట్టాలందరూ ముక్కుమీద వేలేసుకున్నారు. మా అత్తగారొక్కరే, "మగవాడు దుబాయి వెడితే ఎవరూ నోరెత్తరు. పిల్లను నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళిరా" అన్నారు.

మా మేడమీది వాటాలో అప్పటికి రెండేళ్ళుగా ఇథియోపియా అతనొకడు అద్దెకుంటున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పరిశోధన చేస్తున్నాడు. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకు ఇది వింత కాదు. ఆ దేశపు అధ్యాపకులు డాక్టరేటు కోసం మా ఊరికి వస్తూనే ఉంటారు. విచిత్రం ఏమిటంటే అతనిది బహిర్‌దార్ అనే ఊరు, నన్ను వేసిందీ బహిర్‌దారే. అతని భార్యా, ఆరేళ్ళ కూతురూ అక్కడ, అతనిక్కడ. ఇప్పుడు నా మొగుడూ కూతురూ ఇక్కడ, నేనక్కడ. "మీ అమ్మాయికి లెక్కలు నేను చూస్తాను మేడమ్. మా ఇంటివైపు మీరొక కన్నేసి ఉంచండి" అన్నాడు. ఒప్పందం కుదిరింది.

అతనికొక అలవాటు. మనం ఏదైనా చెబుతుంటే ఉన్నట్టుండి ఊపిరి లోపలికి ఎగబీల్చి "హా" అనేవాడు. మొదటి నెలలో మా అత్తగారు హడలిపోయారు. కుర్రాడికి ఉబ్బసమనుకుని మిరియాల కషాయం కాచి మేడమీదికి పంపారు. పాపం, వారం రోజులు మర్యాదకోసం తాగి ఆఖరికి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళలో "అవును" అనడానికి అలా ఊపిరి పీలుస్తారట. మనం "ఊఁ" కొడతామే, అదే, కాకపోతే గాలి లోపలికి పోతుంది. అందుచేత అడిస్ అబాబాలో విమానం దిగినప్పుడు, నా పాస్‌పోర్టు చూస్తున్నావిడ మాటమాటకీ ఊపిరి ఎగబీలుస్తుంటే నేనేమీ కంగారు పడలేదు. నాకు ఆయాసం వచ్చింది మాత్రం ఊరి ఎత్తువల్ల. అడిస్ అబాబా మన ఊటీకన్న కూడా కొంచెం ఎత్తున ఉంది. సెప్టెంబరులో స్వెట్టరు వేసుకుని వణికాను.

అక్కడినుంచి బహిర్‌దార్‌కు చిన్న విమానం. ఆ పేరుకు అర్థం సముద్రపుటొడ్డు అని. విశాఖపట్నం నుంచి వచ్చినదానికి భలే ఊరు దొరికిందనుకుంటున్నారా? సముద్రం లేదు, సింగినాదం లేదు. 1993లో ఎరిత్రియా విడిపోయిన దగ్గరనుంచి ఆ దేశానికి సముద్రమే లేదు. ఉన్నది తానా అనే సరస్సు. అవతలి గట్టు కనబడదు, అందుకని సముద్రమన్నారు. నీలి నైలు నది పుట్టేది అందులోంచే. ఆ నదిని వాళ్ళేమంటారో తెలుసా? "అబ్బాయ్". నిజంగా అంతే! మొదటిరోజు వంతెనమీద నిలబడి కారు డ్రైవరు గర్వంగా చెయ్యి చూపించి "అబ్బాయ్, అబ్బాయ్" అంటుంటే నాకు నవ్వాగలేదు. ఆ అబ్బాయి మీద 2011లో మొదలుపెట్టిన పెద్ద ఆనకట్ట 2025 సెప్టెంబరులో పూర్తయి ప్రారంభోత్సవం జరుపుకుంది. నేనున్న రోజుల్లో మాస్టర్ల దగ్గరనుంచి రిక్షావాళ్ళదాకా దానికి తలా ఇంత చందా కట్టినవాళ్ళే. రిక్షా అంటే ఆటోరిక్షా. వీధినిండా మన నీలిరంగు ఆటోలే. వాటిని అక్కడ అందరూ "బజాజ్" అంటారు. "బజాజ్ పిలవనా?" అంటే మన దేశంలో ఒక పెద్దమనిషి ఇంటిపేరు వీధిలో పరుగెడుతున్నట్టుగా ఉండేది.

ఆ వీధిలోనే నాకు కొత్త పేరు పెట్టారు. పిల్లలు వెనకాల పడి "ఫెరెంజ్! ఫెరెంజ్!" అని కేకలు. అంటే విదేశీయులని. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. తీరా చూస్తే మన "పరంగి"! తెల్లవాళ్ళను మన తాతలు పరంగివాళ్ళన్నారు, వాళ్ళ తుపాకిని ఫిరంగి అన్నాం, కొన్ని చోట్ల బొప్పాయిని కూడా పరంగిపండు అంటారు. ఫ్రాంకులనే మాట అరబ్బుల నోట పడి, ఒక కొమ్మ మన దేశానికీ ఒక కొమ్మ వాళ్ళ దేశానికీ వచ్చి పడింది. ఏ దొరలు వచ్చి మా ముత్తాతలకు ఇంగ్లీషు అంటగట్టారో ఆ దొరల పేరుతోనే, చీరకట్టుకుని బొట్టుపెట్టుకున్న నన్ను పిలుస్తున్నారు. ఉత్తరం రాస్తే మావారు ఆ నెల పొడుగునా "పరంగి పంతులమ్మగారికి" అనే జవాబు రాశారు.

ఆఫీసులో కాగితాలు నింపేటప్పుడు మరో చిత్రం. గుమాస్తా నా పేరడిగాడు, చెప్పాను. తండ్రి పేరు? చెప్పాను. తాతగారి పేరు? అదీ చెప్పాను. ఇంటిపేరుకు గడి లేదు. భర్త పేరుకూ లేదు. వాళ్ళకు అసలు ఇంటిపేర్లుండవు. తన పేరు, దాని పక్కన తండ్రి పేరు, మరీ కావలిస్తే తాత పేరు. పెళ్ళయినా ఆడపిల్ల పేరు మారదు. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లాలో ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. పోయి అప్పటికి పదకొండేళ్ళు. పెళ్ళయిన పదిహేడేళ్ళకు, సముద్రాలు దాటి వెళ్ళాక, ఆయన పేరు మళ్ళీ వచ్చి నా పేరు పక్కన కూర్చుంది. గుర్తింపుకార్డు తీసుకుని బయటికొచ్చి, చెట్టుకింద చాలాసేపు నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

వయస్సు కూడా తగ్గిందండోయ్. నేను వెళ్ళిన వారంలోనే, సెప్టెంబరు 11న, వాళ్ళ సంవత్సరాది వచ్చింది. వచ్చినది 2005వ సంవత్సరం! వాళ్ళ లెక్క మన క్యాలెండరుకు ఏడెనిమిదేళ్ళు వెనక. నెలకు ముప్ఫై రోజుల చొప్పున పన్నెండు నెలలు, మిగిలిన అయిదారు రోజులూ పదమూడో నెల. మనకు అధికమాసం రెండు మూడేళ్ళకోసారి వస్తుంది, వాళ్ళకు ఈ చిట్టినెల ఏటేటా వస్తుంది. వానలు వెనకబట్టి పొలాలనిండా పసుపుపచ్చని పూలు. ఆడపిల్లలు ఆ పూలు పట్టుకుని పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు. తెలంగాణ ఆడపడుచులు ఈ కాలంలోనే తంగేడుపూలతో బతుకమ్మ ఆడతారు కదా, ఆ పిల్లలను చూస్తే అదే గుర్తొచ్చింది. ఆ ఏడు మాత్రం పండగ కొంచెం చప్పగా జరిగింది. ప్రధానమంత్రి మెలెస్ జెనావి ఆగస్టులోనే పోయారు. ఎటు చూసినా ఆయన బొమ్మలే.

గడియారం సంగతి మేడమీదతను ముందే చెప్పాడు గనక సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో! వాళ్ళు రోజును పొద్దుపొడుపుతో మొదలుపెడతారు. మన ఏడు వాళ్ళకు ఒంటిగంట. ఎనిమిదింటి క్లాసును పిల్లలు "రెండు గంటల క్లాసు" అంటారు. పన్నెండయితే ఆరు. కాగితం మీద ఇంగ్లీషులో రాసినది మన లెక్క, నోటితో చెప్పినది వాళ్ళ లెక్క. ఫోనులో ఈ గొడవంతా చెబితే మా అత్తగారు ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. "సూర్యోదయం నుంచే కదే లెక్క! మన పంచాంగంలో ఘడియలు చూసేదీ అలాగేగా. మీ ఇంగ్లీషు గడియారమే అర్ధరాత్రి మొదలవుతుంది, దయ్యంలాగ" అన్నారు.

ఇక తిండి. శాకాహారులు అక్కడ బతకలేరని నన్ను చాలామంది భయపెట్టారు. ఆ భయం అక్కరలేదు. అక్కడి ఆర్థడాక్సు క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసమే కాదు, పాలు, గుడ్డు కూడా ముట్టరు. ఈస్టరుకు ముందు యాభై అయిదు రోజులు అదే నియమం. అన్నీ కలుపుకుంటే ఏడాదిలో సగానికి దగ్గర. అందువల్ల ఏ హోటలుకు వెళ్ళినా "ఉపవాసపు భోజనం" అంటే పప్పులు, కూరలు, ఆకుకూరలు వస్తాయి. షిరో అని ఒకటుంది, శనగపిండి కారంకారంగా ఉడికించి చేస్తారు, వేడి అన్నంలోకయితే మహా రుచి. అన్నం మాత్రం ఉండదు. ఇంజెరా అని, బండిచక్రమంత అట్టు. టెఫ్ అనే గింజ, గసగసాలంత సన్నం, దాన్ని పిండి చేసి కలిపి మూడు రోజులు పులియబెట్టి పోస్తారు. నిండా కన్నులు పడి, పుల్లగా, మెత్తగా ఉంటుంది. పులిసిన అట్లు తినే ఆంధ్రులకు ఇబ్బందేముంది? నేను వారంలో ఏడు రోజులూ ఉపవాసపు భోజనమే అడుగుతుంటే హోటలావిడ నన్ను పరమభక్తురాలనుకుంది.

ఇబ్బంది మరోచోట వచ్చింది. మేడమీదతని భార్య మొదటి ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. ఆవిడ హైస్కూలులో జీవశాస్త్రం టీచరు. ఇంట్లో గడ్డిపరకలు పరిచి, బొగ్గుల కుంపటి పెట్టి, నా ఎదుటే పచ్చి కాఫీగింజలు వేయించింది. కాఫీ పుట్టిల్లు ఆ దేశమే కదా. ఆ పొగ తెచ్చి ముఖం దగ్గర పెడితే వాసన చూసి మెచ్చుకోవాలి. నల్లమట్టి కూజాలో కాచి, చెవుల్లేని చిన్న కప్పుల్లో పోస్తారు. ఒకసారితో లేవకూడదు, మూడు విడతలు తాగాలి, ఒక్కొక్క విడతకూ ఒక్కొక్క పేరు. మూడోదానికి పేరు బెరెకా, దీవెన అన్నమాట.

దానికి ముందు భోజనం. చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు కూర్చున్నచోటికే తెచ్చారు. కుడిచేత్తోనే తినాలి. ఇదంతా మనదే. కాని పళ్ళెం ఒక్కటి. ఆవిడ, ఆవిడ తల్లి, పాప, నేను, అందరం ఒకే ఇంజెరాను తలోవైపు నుంచీ తుంచుకు తినాలి. ఎంగిలి, మడి, విస్తరి దాటి చెయ్యి పెట్టకూడదనే ఇంట్లో పుట్టిపెరిగినదాన్ని. చెయ్యి ముందుకు సాగడం కష్టమయింది. ఇంతలో ఆవిడ ఓ ముద్ద చుట్టి, పప్పులో అద్ది, సరాసరి నా నోటి దగ్గరికి తెచ్చింది. దీన్ని గుర్షా అంటారని అతను చెప్పనే చెప్పాడు. ప్రేమగా చుట్టి పెడతారు, కాదనకూడదు. ముద్ద ఎంత పెద్దదయితే అంత ఆప్యాయత. నోరు తెరిచాను. మా అమ్మ పోయాక నాకు ముద్ద చేసి నోట్లో పెట్టినవాళ్ళు లేరు. "నా భర్తకు అక్కడ ఎవరు పెడుతున్నారు?" అని ఆవిడ అడిగింది. మా అత్తగారు వారానికోసారి పులిహోర కలిపి పైకి పంపుతారని చెప్పాను. పులిహోర అంటే ఏమిటో వివరించేసరికి రెండో విడత కాఫీ అయింది.

(2023 ఆగస్టు తరువాత ఆ ప్రాంతంలో ఇంటర్నెట్టు నెలల తరబడి ఆపేశారు. ఆ నెలల్లో ఆవిడ దగ్గరనుంచి ఒక్క కబురు లేదు. మా అత్తగారు లేరు గాని, ఉంటే సింహాచలం మెట్లెక్కి మొక్కుకునేవారు. నేను మొక్కుకున్నాను. తరువాత ఓనాడు ఫోనులో "దహ్నా నేష్?" అని గొంతు వినబడింది. కులాసానా అని అర్థం.)

కాకినాడ సోదరి అసలు ప్రశ్నకు రానేలేదు. ఆఫ్రికాలో మనం ఇంగ్లీషు చెప్పడమేమిటి? ఆ దేశాన్ని ఇంగ్లీషువాళ్ళు ఏలలేదు. 1936 నుంచి 1941 దాకా ఇటలీవాళ్ళు ఆక్రమించి, బళ్ళన్నీ పాడుచేసి పోయారు. ఆ తరువాత చక్రవర్తి హైలె సెలాసీ చదువులు మళ్ళీ నిలబెట్టేటప్పుడు పైతరగతులకు ఇంగ్లీషు పెట్టుకున్నారు. పంతుళ్ళు చాలక మన దేశంనుంచి పిలిపించుకున్నారు. మలయాళీలు చాలామంది వెళ్ళారు. ఊళ్ళో కాఫీ దుకాణంలో ఓ ముసలాయన నన్ను చూసి లేచి నిలబడి, "మా లెక్కల మాస్టరు ఇండియావాడు. బెత్తంతో కొట్టేవాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి" అని నా కాఫీకి డబ్బులు తనే ఇచ్చేశాడు. ఎవరో ఎరగని మాస్టరు తిన్న తిట్లూ, పుచ్చుకోవలసిన దీవెనలూ నాకు దక్కాయి.

ఇటీవలి కాలంలో ఆ దేశంలో విశ్వవిద్యాలయాలు వేళ్ళమీద లెక్కపెట్టే స్థితినుంచి ముప్ఫై దాటాయి. మళ్ళీ మన అధ్యాపకుల అవసరం వచ్చింది. అక్కడ చిన్నతరగతులు మాతృభాషలో చెబుతారు. తొమ్మిదో తరగతి నుంచి అన్నీ ఇంగ్లీషులో. ఎనిమిదిదాకా గలగల మాట్లాడిన పిల్ల తొమ్మిదిలో మూగదవుతుంది. నేను పదిదాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో అడుగుపెట్టినదాన్ని. నాకు వేరే చెప్పాలా!

మొదటి క్లాసు. అరవైమంది. నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. ఏం చెప్పినా రాసుకుంటారు. బోర్డుమీద గీత గీస్తే ఆ గీత కూడా రాసుకుంటారు. ప్రశ్న అడిగితే మాత్రం అరవై తలలు వంగిపోతాయి. "అర్థమయిందా?" అంటే అరవై ఊపిరులు లోపలికి పోతాయి, హా! అంతే. అలా మూడు వారాలు. మన పిల్లలలాగ అల్లరి చేస్తే కేకలేసి దారికి తెచ్చుకోవచ్చు. ఇంత మర్యాదగా మౌనంగా ఉండేవాళ్ళను ఏం చెయ్యాలి?

కారణం జీవశాస్త్రం టీచరుగారు చెప్పింది. 2004 నుంచి హైస్కూళ్ళలో పాఠాలు టెలివిజనులో చెబుతున్నారట. ప్లాస్మా అంటారు. దక్షిణాఫ్రికాలో తయారయిన పాఠాలు ఉపగ్రహం ద్వారా దేశమంతా ఒకేసారి ప్రసారం. తెరమీద ఎవరో గడగడ ఇంగ్లీషులో చెప్పుకుపోతారు. క్లాసులో ఉన్న టీచరు మొదట కొన్ని నిమిషాలు, చివర కొన్ని నిమిషాలు మాట్లాడవచ్చు. మధ్యలో పక్కన నిలబడాలి. తెర ప్రశ్న అడుగుతుంది, కాసేపు ఆగుతుంది, జవాబు వచ్చినా రాకపోయినా ముందుకు పోతుంది. "నేనే కొన్నిసార్లు అందుకోలేకపోతాను. పిల్లలేం చేస్తారు? తలవంచుకుని రాసుకుంటారు" అంది. నాలుగేళ్ళు తెరముందు కూర్చుని వచ్చిన పిల్లలు వాళ్ళు. నేను రెండో తెరనని అర్థమయింది. అదీగాక మొదటి ఏడు మార్కులు చాలకపోతే పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. నోరు తెరిచి తప్పుచెప్పి ఎవరు పోగొట్టుకుంటారు?

ఈలోగా నేనూ ఓ బళ్ళో చేరాను. మాస్టరు ఆరేళ్ళ పాప. వాళ్ళింటి గోడమీద అక్షరాల పటం ఉంది, ఫిదెల్ అంటారు. చూడగానే ప్రాణం లేచివచ్చింది. అచ్చం మన గుణింతం! ఒక్కొక్క హల్లుకు ఏడు రూపాలు వరసగా. హ హు హి హా హే హ్ హో. తరువాత ల లు లి లా. ముప్ఫైమూడు వరసలు, 231 అక్షరాలు. పాప పుల్ల పట్టుకుని చూపిస్తుంది, నేను చదవాలి. కొన్ని అక్షరాలు గొంతులో చిటిక వేసినట్టు పలకాలి. క, ట, చలకు అలాంటివి వేరుగా ఉన్నాయి. నాకు రావు. పాప నడుంమీద చేతులు పెట్టుకుని తల అడ్డంగా ఊపేది. వెంటనే "అయ్‌జోష్" అనేది. అంటే ధైర్యంగా ఉండమ్మా, ఏం ఫర్వాలేదు అని. వీధిలో కాలు జారినా, మెట్లు ఎక్కలేకపోయినా, ఎరగనివాళ్ళు కూడా ఆ మాట అంటారు. మగవాళ్ళతో అయితే అయ్‌జోహ్. అన్ని భాషల్లోనూ ఉండవలసిన మాట.

ఒకరోజు ఆ పటం చుట్టి చంకలో పెట్టుకుని క్లాసుకు పట్టుకుపోయాను. బోర్డుకు తగిలించి, పుల్ల తీసుకుని, పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి వరస బాగానే నడిచింది. చిటిక అక్షరం వచ్చేసరికి నా నోటినుంచి ఏం వచ్చిందో గాని, వెనకబెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అరవైమందీ భయంతో బిగుసుకుపోయారు. నేనూ నవ్వాను. అప్పుడిక ఆగలేదు, గది గొల్లుమంది. మూడు వారాల్లో నేను విన్న మొదటి చప్పుడు అది.

"మీరు చెప్పండి, ఇంగ్లీషులో చెప్పండి, నాకు అమ్హారిక్ రాదు" అన్నాను. "మొదటి హ, నాలుగో హా ఒకలాగే పలుకుతున్నారు. రెండెందుకు?" అని అడిగాను. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకూ తెలియదు! మన శకటరేఫలాంటి సంగతి. అప్పుడు వెనకనుంచి ఓ అమ్మాయి లేచింది. నూలు శాలువా కప్పుకున్న పల్లెటూరి పిల్ల. అంతవరకూ ఆ పిల్ల గొంతు నేను వినలేదు. బోర్డుదాకా వచ్చి, వేలితో చూపిస్తూ, "టీచర్, దిస్ లెటర్ స్మాల్ లెగ్ హాజ్" అంది. ఈ అక్షరానికి చిన్న కాలుంది!

నా చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. అది మా శ్రీకాకుళం ఇంగ్లీషు. వాళ్ళ భాషలో కూడా మన తెలుగులోలాగే క్రియ చివరికి వస్తుంది. నేను ఇంటర్ మొదటి ఏడు మాట్లాడిన వాక్యాలన్నీ ఆ అచ్చులోనే పోసినవి. "గుడ్, గో ఆన్" అన్నాను. ఆ పిల్ల కాళ్ళు, చేతులు, టోపీలు అన్నీ వివరించింది. మధ్యలో మరొకడు లేచి కాదన్నాడు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో దెబ్బలాడుకున్నారు. గంట కొట్టినా పాఠం పూర్తికాలేదు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి "అయ్‌జోష్, టీచర్" అంది.

అరవైమందీ ఆ రోజునుంచి దొరల్లా మాట్లాడేశారనుకోకండి. మాట్లాడినవాళ్ళు పదిహేనుమంది ఉంటారు. వాళ్ళే సాయంత్రం "పది గంటలకు", అంటే మన నాలుగింటికి, నా గదికి రావడం మొదలుపెట్టారు. కరెంటు పోతే కొవ్వొత్తులు వాళ్ళే తెచ్చుకునేవారు. ఓ కుర్రవాడి చదువుకోసం తండ్రి దుక్కిటెద్దు అమ్మాడట. పాసుకాకపోతే ఇంటికి ఎలా వెళ్ళనని అడిగాడు. వ్యాకరణం చెప్పడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు, చెప్పాను.

ఫిబ్రవరిలో మార్కులొచ్చాయి. ఎద్దు అమ్మినవారి కుర్రవాడు గట్టెక్కాడు. శాలువా అమ్మాయి ఇంగ్లీషులో బాగానే తెచ్చుకుంది గాని లెక్కల్లో దెబ్బతింది. మరొక్క సెమిస్టరు అవకాశం ఇచ్చారు. అదే వారం విశాఖపట్నం నుంచి ఫోను. మా అమ్మాయి ప్రీఫైనల్ పరీక్షల్లో లెక్కలు బాగా రాసిందట, అంకుల్ రోజూ రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెడుతున్నాడట. సంతోషించాను. పెట్టేశాక శాలువా అమ్మాయి ముఖం కళ్ళముందు కదిలింది. మళ్ళీ ఫోను చేసి, మేడమీదతన్ని పిలవమని, "బాబూ, నాకు నీ దగ్గరనుంచి మరొక సాయం కావాలి" అన్నాను. అతను ఊపిరి ఎగబీల్చిన చప్పుడు అంతదూరం నుంచీ వినబడింది.

ఆ రెండో సెమిస్టరు సంగతి వచ్చేవారం. కాకినాడ సోదరికి ఈలోగా ఒక మాట. కోడలిని పంపదలుచుకుంటే ఊరగాయలు ఎక్కువ పెట్టకండి, చింతపండు పెట్టండి. చేతిగడియారాలు రెండు ఇవ్వండి.